చక్రాలు నానబెట్టిన నీళ్ళు

కండ్లు కనబడని ముసలిదానికి సముద్రం చూపిస్తానని ఎవడైనా బండి కడతాడా అని కొండవ్వ అన్నదట. అన్నదని చెప్పింది పక్కింటి ఎల్లవ్వ. అదీ ఎప్పుడు, రేపు తెల్లారితే బండి కదులుతుందనగా, కోడలు బాలలక్ష్మి దారి కోసం జొన్నరొట్టెలు గట్టిగా కాల్చి మూట కడుతుండగా, గడప మీద తీరిగ్గా కూర్చొని చెప్పింది.

"నాకేమెరుక పిల్లా, ఇన్నది చెప్తున్న. 'తోల్కపోయెటోడు తోల్కపోతడు, మళ్ళ తోల్కస్తడా' అన్నది కొండవ్వ. మద్దూరు దిక్కు ఎవలో తల్లిని తీర్థమని తోల్కపోయి, సత్రం అరుగు మీద కూసుండబెట్టి, గిప్పుడే నీళ్ళు తెస్తమని చెంబు పట్టుకొని పోయి మళ్ళ రాలేదట. ఆ ముచ్చట తీసి గీ ముచ్చట అన్నది. నేనైతే ఊకోలే. మా ఉప్పలయ్య గసొంటోడు కాదని మొకం మీదనే అన్న."

అన్నందుకు కూలి అన్నట్టు ఒక రొట్టె చేతిలోకి తీసుకొని, కొంగు దులుపుకొని వెళ్ళిపోయింది.

బాలలక్ష్మి చేతిలో మూట ముడి పడలేదు. కొండవ్వ నోరు సిద్దిపేట మగ్గాల వాడంతా ఎరిగిన నోరే. ఆమె పెళ్ళి అంటే పెళ్ళిచూపులనుకోవాలి, చావంటే దగ్గనుకోవాలి. అయినా ఆ మాట వచ్చి వచ్చి సరిగ్గా పుండు మీదనే వాలింది. ఎందుకంటే ఆ విత్తనం వేసింది కొండవ్వ కాదు, తనే.

యుద్ధం ముగిసినా నూలు దొరకని కాలం అది. నెలల తరబడి తిరిగితే దొరికిన ఒక్క పడుగును, గంజి పెట్టి, వీధి పొడుగునా సాగదీసి ఆరబెట్టారు. అత్త రాములవ్వ గోడ పట్టుకొని నడుచుకుంటూ వచ్చి, గోడ అయిపోయిన చోట చెయ్యి గాలిలో తడుముకొని, పోయి ఆ పడుగులో పడింది. లేవబోయి కాళ్ళకు చుట్టుకుంది. చుట్టుకున్నది విదిలించుకోబోయి తెంపింది. వాడంతా ఉరికొచ్చి ముసలామెను లేపారు. బాలలక్ష్మి పోగులను లేపింది.

ఆ సాయంత్రం పెరట్లో భర్తతో అన్నది. "ఏడికన్న తీస్కపోయి ఇడిచిపెట్టరాదు ముసల్దాన్ని. కండ్లు లేకపాయె, సావు రాకపాయె."

ఉప్పలయ్య దీపం ముట్టించుకొని, తెగిన పోగులు ఒక్కటొక్కటే అతుకుతూ కూర్చున్నాడు. తడక అవతల రాములవ్వ గురక వినబడుతూ ఉంది. అది గురకేనా అని బాలలక్ష్మి అప్పుడు ఆలోచించలేదు. కండ్లకు పొరలు కమ్మిన కొద్దీ ఆమె చెవులు పదునెక్కాయని వాడలో అందరికీ తెలుసు. మగ్గం చప్పుడు విని, ఏ పక్కన పోగు తెగిందో చెప్పగలదు.

ఆ తర్వాత కొమురవెల్లి జాతరకు పోయి వచ్చాడు ఉప్పలయ్య. వచ్చిన నాడే అన్నాడు, "అవ్వకు సముద్రం చూపిచ్చుకొద్దాం" అని. ఎందుకంటే చెప్పడు. పోనీ రైలుంది కదా అంటే, "రైల్ల అవ్వను మూటలెక్క తొక్కుతరు. దుర్గ మామ బండి కడ్తడు. మగ్గం ఎట్లా ఊకెనే ఉండె" అన్నాడు. కండ్లు లేని మనిషికి చూపించడం ఏమిటన్న అనుమానం బాలలక్ష్మికి అప్పుడే వచ్చింది. అడగలేదు. అడిగితే 'నువ్వే అంటివి గద' అంటాడేమోనని భయం.

శివరాత్రి దాటాక బయలుదేరారు. దుర్గయ్య తన ఎడ్లబండికి వెదురు తడకలు వంచి గూడు కట్టాడు. లోపల గడ్డి పరుపు, గడ్డి మీద బొంత, గూటికి వేలాడే నీళ్ళ కుండ, ఉప్పు మిరపకాయల బుట్ట, వెనకాల కట్టెల మోపు. ఇల్లే చక్రాలెక్కినట్టుంది. దుర్గయ్యకూ వీళ్ళకూ రక్తసంబంధం లేదు గాని, ఒక వాడలో పెరిగిన వరసకు రాములవ్వ అతనికి అక్క, ఉప్పలయ్య అల్లుడు.

బండి ఎక్కే ముందు రాములవ్వ కాళ్ళ వెండి కడియాలు విప్పి కోడలి చేతిలో పెట్టింది.

"దారిల దొంగలుంటరు. నీ కాడ ఉండనీ."

"దొంగలు కోడలు పిల్లను చూసి దండం పెట్టి పోతరా అక్కా?" అని దుర్గయ్య నవ్వాడు. రాములవ్వ నవ్వలేదు.

ఓరుగల్లు దాటారు. ఖమ్మం దాటారు. నిజాం ఇలాకా పోయి ఇంగ్రీజువాళ్ళ ఇలాకా వచ్చాక మాట మారింది, తిండి మారింది, ఎడ్లకు కొనే గడ్డి వాసన కూడా మారింది. బండి ఆగిన ప్రతి ఊళ్ళో రాములవ్వ తన బట్టల మూటను ఒళ్ళోకి తీసుకొని, తల పైకెత్తి, ఒకటే అడిగేది.

"గిదేనా బిడ్డా?"

"కాదే అవ్వా, ఇంకా ఉన్నది" అనేవాడు ఉప్పలయ్య.

"గింత తొందరేందే అక్కా?" అనేవాడు దుర్గయ్య. "సముద్రం ఏడికి పోతది? మనం పోయేదాక ఎవడన్న తాగుతడా?"

ముసలితనపు చాపల్యం అనుకున్నారు ఇద్దరూ. బాలలక్ష్మి మాత్రం ఆ మూట ఒళ్ళోకి వచ్చినప్పుడల్లా భర్త వైపు చూసేది. ఏమీ తెలియని మనిషి, సముద్రం చూస్తానని మురుస్తున్నది, ఈయన మనసులో ఏమున్నదో అని.

ఎందుకంటే ఆయన నడవడి అలా ఉంది. గోదావరిని పంటు మీద దాటిన దగ్గర నుంచీ మరీ. ఊరు రాగానే ఎవరో ఒకరిని పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఆ మనిషి ఇటు తిరిగి బండిలోని ముసలామెను చూస్తాడు. తల ఆడిస్తాడు, ముందుకు చెయ్యి చూపిస్తాడు. తునిలో ఒక పంతులు, అనకాపల్లిలో ఒక కోమటి, సింహాచలం కొండ కింద ఒక సత్రం గుమాస్తా. సత్రం గుమాస్తా! ఆ రాత్రి బాలలక్ష్మి అత్త పక్కలో పడుకొని, ఆమె కొంగు తన కొంగుకు ముడి వేసుకుంది.

"ఇదేందే?" అంది రాములవ్వ తడిమి చూసుకొని.

"జనం మస్తున్నరు అత్తా. తప్పిపోతవని."

"తప్పిపోతె పోత" అని రాములవ్వ అటు తిరిగి పడుకుంది.

మధ్యలో బండి కూడా మొరాయించడం మొదలుపెట్టింది. ఎండలు ముదిరాయి. కొయ్య చక్రం ఎండితే బిగువు తప్పి, పైన వేసిన ఇనుప పట్టా వదులవుతుంది. సిద్దిపేటలో అయితే బండ్లవాళ్ళు సాయంత్రం బండిని తోలుకుపోయి కోమటి చెరువు అంచున ఇరుసు తగలకుండా చక్రాల మట్టుకు నీళ్ళలో దింపి వదిలేస్తారు. కొయ్య నాని ఉబ్బి పట్టాను మళ్ళీ పట్టుకుంటుంది. దారిలో దుర్గయ్య చీలలు కొట్టీ, తడిగోనె చుట్టీ నెట్టుకొచ్చాడు గాని, సింహాచలం దాటాక పట్టా ఒక్కో తిరుగుడుకూ టక్కుమని ఏడవసాగింది.

"ఇంక ఏడన్న నీళ్ళ పెట్టకుంటె పట్టా ఒక దిక్కు, మనం ఒక దిక్కు" అన్నాడు దుర్గయ్య.

భీమునిపట్నం చేరేసరికి పొద్దు బారెడెక్కింది. పెంకుటిళ్ళ మధ్య నుంచి బండి వంపు తిరిగిందో లేదో, ఎదురుగా అంతా నీళ్ళే. బాలలక్ష్మికి మొదట అది ఆకాశం కిందికి జారినట్టు అనిపించింది. ఎడ్లు ఆగిపోయాయి. బండి లోపల రాములవ్వ చెవి రిక్కించింది.

"ఏం సప్పుడురా గది? ఎన్ని మగ్గాలురా గీడ, అన్ని ఒక్కతీరుగనే ఆడుతున్నయి?"

"మగ్గాలు కావే. సముద్రం" అన్నాడు ఉప్పలయ్య.

ఆమె మూటను ఒళ్ళోకి తీసుకుంది.

"గిదేనా బిడ్డా?"

"గిదేనే అవ్వా" అన్నాడు ఉప్పలయ్య. "మనం రావాల్సిన జాగ గిదే."

రాములవ్వ జుట్టు చేత్తో దువ్వి ముడి వేసుకుంది. పైట సరిచేసుకుంది. చుట్టాలింటి ముందు దిగబోయే మనిషిలా కూర్చుంది. బాలలక్ష్మి భర్త ముఖం చూసింది. ఆ ముఖంలో ఆత్రం ఉంది. ఏ ఆత్రమో తెలియలేదు.

అలలు కొట్టే చోట బండి దింపడానికి దుర్గయ్యకు ధైర్యం చాలలేదు. కొంచెం అవతల గోస్తనీ నది వచ్చి సముద్రంలో కలిసే చోట నీళ్ళు కదలకుండా పరుచుకొని ఉన్నాయి. ఒడ్డున ఇసుక గట్టిగా, తడితడిగా, నీరు తీసిన చెరువు నేలలాగే ఉంది.

"గిది మంచిగున్నది. మన కోమటి చెరువు లెక్కనే" అన్నాడు దుర్గయ్య. బండిని వెనక్కి నెట్టుకుంటూ, ఇరుసుకు జానెడు కిందుగా నీళ్ళు వచ్చేదాకా దింపాడు. ఎడ్లను విప్పి, నొగల కింద రాయి ఆనించి బండిని నిలబెట్టాడు. "ఎంత లేదన్న పొద్దుగూకే దాక నాననియ్యాలె. పోయి ఊరు చూసి రాండ్రి. అక్కా, నువ్వు దిగుతవా?"

"నేనేం జూస్త తమ్మీ. గీడనే సల్లగున్నది. ఉంట."

"ఉండనీ" అన్నాడు ఉప్పలయ్య వెంటనే. చాలా వెంటనే.

బాలలక్ష్మి, "నేను కూడ ఉంట" అంది.

"నువ్వు రావాలె. పా" అన్నాడు. "దుర్గ మామ ఉంటడు గద."

నిజమే, దుర్గయ్య ఉంటాడు. కొంత దూరం పోయి వెనక్కి చూసింది. ఎడ్లు నీళ్ళలోకి ముట్టె పెట్టి, తల విదిలించి, వెనక్కి నడుస్తున్నాయి. దుర్గయ్య పగ్గాలు పట్టుకొని వాటిని తిట్టుకుంటూ మంచినీళ్ళ బావి కోసం తాటిచెట్ల వైపు మళ్ళుతున్నాడు. నీటిలో బండి, బండిలో ముసలామె. గూటి నోట్లోంచి ఆమె తెల్ల చీర కొంగు కనబడుతోంది.

"మామ పోతుండు" అంది బాలలక్ష్మి.

"ఎడ్లకు నీళ్ళు పెట్టి వస్తడు. ఆడ ఎవడు ఎత్తుకపోతడు అవ్వను?"

ఊరు అందమైనదే. వేరే రోజైతే బాలలక్ష్మి ఇంటికి పోయాక ఎల్లవ్వకు ఏడాది పొడుగునా చెప్పుకునేది. ఇంటింటి ముందూ ఎండు చేపల తడికెలు, గంటస్తంభం, ఎప్పటివో దొరల గోరీలు, మన గోరీల్లా పండుకొని కాదు, సూదిగా గోపురాల్లా నిలబడి. ఉప్పలయ్య ఆగి ఒక్కోటీ చూపిస్తాడు గాని ఆయన చూపు దేని మీదా లేదు. ఒక దుకాణం ముందు, "నువ్వు గీ గోరీలు చూడు" అని తను పోయి దుకాణదారుతో గుసగుస. ఇంకో వీధిలో ఒక తోపుడు బండి వాడితో. ప్రతిసారీ బాలలక్ష్మి కాస్త దగ్గరికి జరిగింది. ప్రతిసారీ మాట ఆగిపోయింది.

చివరికి ఒక పాత బంగళా ముందు ఆగాడు. అరుగు మీద ముసలివాళ్ళు కూర్చొని ఉన్నారు, ముగ్గురో నలుగురో. ఒకామె ఒళ్ళో మూట ఉంది.

"గీడనే ఉండు" అని ఉప్పలయ్య లోపలికి పోయాడు.

బాలలక్ష్మి ఆ మూట వైపే చూస్తూ నిలబడింది. ఎవరిదీ ఇల్లు అని అరుగు మీది ఆమెను అడుగుదామనుకుంది. అడిగితే ఏం చెబుతుందో అని అడగలేదు. పెరట్లో తనన్న మాట, ఒక్కటే మాట, చెవిలో కీచురాయిలా కూసింది. తను అన్నది కోపంలో. ఆయన విన్నది ఏ చెవితో?

బయటికి వచ్చేసరికి ఉప్పలయ్య ముఖం నల్లబడింది. "పా" అన్నాడు.

"ఎవలిల్లది?"

"ఎవలిదైతే ఏంది. పా, ఆ దీపం గోపురం చూద్దాం."

ఓడలకు దీపం చూపించే గోపురం తీరాన తెల్లగా నిలబడి ఉంది. దాని నీడలో కూలబడ్డాడు ఉప్పలయ్య. సముద్రం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. బాలలక్ష్మి నిలబడే ఉంది.

"అవ్వను గీడ ఇడిచిపెడుతున్నవా?"

ఆయన తల తిప్పాడు. "ఎవలన్నరు?"

"కొండవ్వ అన్నది."

"కొండవ్వ తర్వాత అన్నది. ముందుగాల నువ్వన్నవ్."

బాలలక్ష్మి కింద కూర్చుంది.

"తల్లిని ఇడిచిపెట్టేటందుకు ఎవడన్న గింత దూరం తోలుతడా?" అన్నాడు ఉప్పలయ్య. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "గా పనికైతే మన కోమటి చెరువు చాలదా? జాతరల ఒక గుడ్డల సేటు కలిసిండు. సముద్రమొడ్డు పట్నంల ఒక దొరసాని ఉన్నది, కండ్ల పొర కోసి తీస్తది, మా నాయినకు తీసిందన్నడు. గందుకు వచ్చిన."

"మరి నాతోని చెప్పద్దా?"

"నీతోని చెప్తె ఎల్లవ్వతోని చెప్తవ్. ఎల్లవ్వ కొండవ్వతోని చెప్తది. కొండవ్వ పోయి అవ్వతోని 'నీ కండ్లు కోసేటందుకు తీస్కపోతున్నరు' అంటది. కత్తి అంటె అవ్వ గడప దాటుతుండెనా? పొరలు తీసినంక, గిదేనే సముద్రం అని చూపిద్దామనుకున్న." అరచేతిలో ఇసుక తీసుకొని జారవిడిచాడు. "దొరసాని లేదట. యుద్ధం అయిపోంగనే ఓడెక్కి పోయిందట. గా బంగళా ఆమెదే. అరుగు మీద ఉన్నోళ్ళు కూడ మన లెక్కనే, ఎక్కడెక్కడికెళ్ళో వచ్చి కూసున్నోళ్ళు."

బాలలక్ష్మికి ఏడుపు వచ్చింది, నవ్వు వచ్చింది. ఇంటి దగ్గర మొదలైన బరువు ఇన్ని ఊళ్ళు మోసి ఇక్కడ దించినట్టయింది. కొంగుతో ముఖం తుడుచుకుని, ఇప్పుడే పోయి అత్త కాళ్ళు పట్టుకోవాలనుకుంది. ఎందుకు పట్టుకుంటున్నదో చెప్పక్కర్లేదు, ఊరికే పట్టుకోవాలి. తల ఎత్తి నది కలిసే వైపు చూసింది.

బండి పొట్టిగా కనబడింది.

మొదట చక్రాలు ఎవరో ఎత్తుకుపోయారనుకుంది. అలాగే ఉంది మరి. నీళ్ళ మీద గూడు ఒక్కటే, బోర్లించిన గంపలాగా. గట్టి ఇసుక ఉన్న చోట ఇసుక లేదు. నొగలు ఆనించిన రాయి లేదు. వాళ్ళు నడిచి వచ్చిన జాగంతా తళతళ మెరుస్తోంది.

"బండి" అంది. వేలు చూపించింది. "అవ్వ. బండి."

ఉప్పలయ్య చూశాడు. ఉరికాడు.

ఇసుకలో ఉరకడమంటే కలలో ఉరికినట్టే, కాలు ఎంత వేసినా దూరం తరగదు. బాలలక్ష్మి కొంగు జారిపోయినా పట్టుకోలేదు. వాన లేదు, మబ్బు లేదు, ఏ కట్టా తెగలేదు. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి? చెరువు నీళ్ళు ఎండకు తగ్గుతాయి, వానకు పెరుగుతాయి. ఇదేమి నీళ్ళు, ఎండలో పెరిగేది? అవతల గట్టున దుర్గయ్య ఎడ్ల పగ్గాలు వదిలేసి రెండు చేతులూ ఎత్తి అరుస్తున్నాడు. ఏమంటున్నాడో వినబడలేదు. బండి లోపలి నుంచి ఏ అరుపూ లేదు. అదే ఆమెను ఎక్కువ చంపింది. మనిషి ఉంటే అరవదా?

ఉప్పలయ్య ఆగకుండా నీళ్ళలో దిగాడు. మోకాళ్ళు, నడుము, రొమ్ము. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి బతికిన మనిషి, ఈత ఎక్కడిది? రెండడుగులు ముందుకు వేశాడు, కింద నేల పోయింది, తల మునిగింది. బాలలక్ష్మి కేక వేసింది. ఎక్కడి నుంచో తెప్ప మీద వస్తున్న జాలరులు ఇద్దరు అటు తిరిగారు. ఒక ముసలి జాలరి నీళ్ళలోకి దూకి ఉప్పలయ్య జుట్టు పట్టి పైకి లాగి, తెప్ప అంచుకు తగిలించాడు. రెండోవాడు ఈదుకుంటూ బండి దగ్గరకు పోయాడు. బండి అప్పటికే ఒక పక్కకు ఒరిగి, నీళ్ళు గూట్లో సగం దాకా ఉన్నాయి.

రాములవ్వను గూట్లోంచి తెప్ప మీదికి ఎక్కించి తెచ్చి, రెండు చేతుల మీద ఎత్తి ఒడ్డున దించాడు వాడు. నడుము దాకా తడిసి ఉంది. ఒళ్ళో మూట అలాగే ఉంది. దించిన చోటే కాళ్ళు ముడుచుకొని కూర్చుంది. ఏడవలేదు, వణకలేదు. ఉప్పలయ్య దగ్గుతూ వచ్చి ఆమె పాదాలు రెండూ పట్టుకొని కూలబడ్డాడు. బాలలక్ష్మి ఆమె వీపు పట్టుకుంది.

"ఎవలు?" అంది రాములవ్వ.

"నేనే అవ్వా."

ఆమె చెయ్యి చాపి కొడుకు తల తడిమి చూసింది. తడి తల. చెయ్యి అక్కడే కాసేపు ఆగింది.

ముసలి జాలరి నీళ్ళు పిండుకుంటూ వచ్చాడు. "ఏ ఊరు బావూ మీది? ముసల్దాన్ని నీట్లో ఎట్టేసి ఊరు సూడ్డానికెల్లారేటి? పోటొత్తాదని తెల్దేటి?"

"పోటేంది?" అన్నాడు దుర్గయ్య. రొప్పుతున్నాడు, మాట తెగుతోంది. "వాన పడకపాయె, వరద రాకపాయె. చక్రాలు నానబెడ్దామని మా ఊళ్ళె పెట్టినట్టె పెట్టిన. నిలవున్న నీళ్ళు ఎట్ల పెరుగుతయి?"

"సంద్రం బావూ. ఒత్తాది, పోతాది. మీ సెరువనుకున్నావేటి, సెప్పినట్టు పడుండడానికి?"

జాలరులు మోకులు తెచ్చారు. ఎడ్లను కట్టి, అందరూ పట్టి, బండిని ఒడ్డుకు లాగారు. గడ్డి పరుపు కొట్టుకుపోయింది. నీళ్ళ కుండ పగిలింది. ఉప్పు మిరపకాయల బుట్టలో ఉప్పు కరిగిపోయి మిరపకాయలు మిగిలాయి. దుర్గయ్య అలవాటు కొద్దీ చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. పట్టా బిగుసుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

పొద్దు వాలుతుంటే, ఈసారి నీళ్ళకు దూరంగా, తాటిచెట్ల దగ్గర పొయ్యి వెలిగించారు. జాలరి ఇచ్చిన పాత చాప మీద రాములవ్వను కూర్చోబెట్టి, తన పొడి చీర ఒకటి కట్టింది బాలలక్ష్మి. మూట విప్పి తడిబట్టలు పొయ్యి పక్కన ఆరేసింది. ఎక్కువేమీ లేవు. ఒక చీర, ఒక రవిక, చిన్న ఇత్తడి చెంబు, గుడ్డలో చుట్టిన పసుపూ కుంకుమా. పసుపు కుంకుమలు చూసి ముత్తయిదువ కాని మనిషికి ఇవెందుకని అడగబోయింది. అడగకుండానే అర్థమైంది. చచ్చిన మనిషికి పెట్టేవి. పరాయి ఊళ్ళో ఎవరు పెడతారో ఏమో అని వెంట తెచ్చుకున్నవి. చప్పున వాటిని గుడ్డలో చుట్టేసి కొంగు కింద దాచింది.

సముద్రం మోత వినబడుతూనే ఉంది. వెనక్కి పోతున్నట్టుంది, కాస్త దూరమైంది. దుర్గయ్య పొయ్యిలోకి పుల్లలు తోస్తూ తల ఎత్తడం లేదు. బాలలక్ష్మి గంజి కాచి గిన్నెలో పోసి అత్త చేతిలో పెట్టింది. ఆమె ఊదుకుంటూ తాగుతోంది. ఉప్పలయ్య ఆమె దగ్గరికి జరిగాడు.

"అవ్వా. నీళ్ళు లోపటికి వస్తుంటె కాళ్ళకు తాకలేదా?"

"తాకినయి."

"మరి ఒర్లద్దా? గాడ తెప్పలోళ్ళున్నరు, గట్టున మామ ఉండె. ఒక్క కేక ఎయ్యకపోతివి. ఎందుకు ఒర్లలేదే?"

రాములవ్వ గిన్నె కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఇడిచిపెట్టి పోయిండ్రనుకున్న. ఒర్లుతె ఎవడన్న గుంజుకొచ్చి మళ్ళ మీకే ఇస్తడు."